సముద్రతీరపు రాతి సమాధులకు ఆ తెల్లటి ముద్ద ఎందుకు?

అమ్మా, గుంటూరు నుంచి మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకొని తరువాత సమాధానానికి వస్తాను. మధ్యధరా సముద్రతీరంలోని ఒక పురాతన శ్మశానంలో రాతి శవపేటికలకు మరమ్మతు చేస్తున్న వీడియోను మీ చరిత్ర తరగతిలో చూపించారనీ, అందులో పనివారు రాతికి తెల్లటి ముద్దను దట్టంగా పట్టించి రోజుల తరబడి అలాగే వదిలేయడం, విరిగిన మూతల ముక్కలు పక్కనే ఉన్నా వాటిని సిమెంటుతో అతికించకపోవడం మీకు వింతగా తోచిందనీ రాశారు. ఆ ముద్ద ఏమిటి, నీళ్లతో కడిగి పైన ఏదైనా రసాయనం పూస్తే చాలదా, సిమెంటుకు వచ్చిన లోపం ఏమిటి, బందరులోని డచ్చివారి సమాధులకు కూడా ఇదే వైద్యం చేయవచ్చునా అన్నవి మీ ప్రశ్నలు. నేను రాతి కట్టడాల సంరక్షణలో రసాయనాల వైపు పనిచేసి, విరమణ తరువాత విజయవాడలో ఉంటున్నవాణ్ణి. నాకు పనిలో తెలిసివచ్చినంత వరకు చెబుతాను.

మీరు ఊరి పేరు రాయలేదు గనుక, అటువంటి చోట్లలో అందరికీ తెలిసిన లెబనాన్ దేశపు టైర్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. ఒకప్పుడు టైర్ సముద్రంలో ఒక దీవి. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు ఆ దీవిని ముట్టడించడానికి తీరం నుంచి రాళ్లూ మట్టీ పోయించి కట్టించిన దారి చుట్టూ కాలక్రమంలో ఇసుక మేట వేసి, దీవి కాస్తా భూభాగంతో కలిసిపోయింది. ఆ దారి మొదలయ్యే భూభాగం వైపు అల్ బాస్ అనే చోట రోమన్, బైజాంటైన్ కాలాల నాటి పెద్ద శ్మశానం 1960ల తవ్వకాలలో బయటపడింది. దారికి రెండు పక్కలా వందల సంఖ్యలో రాతి శవపేటికలు అక్కడ ఉన్నాయి. కొన్ని దూరదేశం నుంచి ఓడలలో తెప్పించిన పాలరాయితో చేసినవి, కొన్ని స్థానికంగా దొరికే సున్నపురాయితోనూ ఇసుకరాయితోనూ చేసినవి. 1984లో టైర్ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఈ శవపేటికలకు పద్దెనిమిది వందల ఏళ్ల వయసు ఉండవచ్చుగాని, వాటిలో చాలా వాటి అసలు జబ్బు మట్టిలోంచి బయటికి తీసిన రోజున మొదలైంది. మట్టిలో ఉన్నంత కాలం తేమ పెద్దగా మారదు కనుక రాయి తన స్థితిలో తాను ఉంటుంది. బయటికి వచ్చాక ఎండ, గాలి, వాన, సముద్రపు తుంపర అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

ఈ జబ్బుకు మన ఇళ్లలో ఒక పేరు ఉంది, చౌడు. పాత ఇంటి గోడ కింది భాగంలో గార ఉబ్బి, తెల్లటి పొడి పట్టి, చేత్తో తుడిస్తే ఇసుకలా రాలిపోవడం మీరు చూసే ఉంటారు. గోడకు చౌడెక్కింది అంటారు. సముద్రతీరపు రాతి సమాధికి పట్టేది కూడా సరిగ్గా అదే. ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరను గాలి మోసుకొచ్చి రాతి మీద వదులుతుంది, నేలలోని ఉప్పునీరు రాతి రంధ్రాల గుండా దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు పైకి ఎక్కుతుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మాత్రం రాతిలోనే ఉండిపోతుంది. చినగంజాం ఉప్పు కొఠార్లలో మడులు కట్టి చేసే పనినే ఇక్కడ రాయి తన సూక్ష్మ రంధ్రాలలో చేసుకుంటుందన్నమాట.

ఉప్పు ఒకసారి చేరి గట్టిపడి అలాగే ఉండిపోతే పెద్ద నష్టం ఉండేది కాదు. నష్టం అది కరగడం, మళ్లీ గడ్డకట్టడం వల్ల వస్తుంది. వాన ముసురు పట్టేముందు వంటింటి ఉప్పు జాడీలో ఉప్పు చెమర్చడం మీ ఇంట్లోనూ చూసి ఉంటారు. ఇరవై అయిదు డిగ్రీల వేడిమి దగ్గర గాలిలో సాపేక్ష తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు గాలిలోని నీటిని పీల్చి తనంతట తానే కరుగుతుంది, అంతకంటే తగ్గితే మళ్లీ స్ఫటికమవుతుంది. సముద్రతీరంలో తెల్లవారుజామున తేమ ఆ గీతకు పైన ఉంటుంది, మధ్యాహ్నం ఎండకు కిందికి దిగుతుంది. అంటే వాన చుక్క పడకపోయినా రాతి లోపలి ఉప్పు రోజుకు ఒకసారి కరిగి ఒకసారి గడ్డకడుతూ ఉండగలదు. స్ఫటికం పెరిగిన ప్రతిసారీ రంధ్రం గోడలను తోస్తుంది. సోడియం సల్ఫేటు అనే మరో లవణం ఉంటే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. అది నీటిని కలుపుకొని మిరాబిలైట్ అనే స్ఫటికంగా మారినప్పుడు దాని ఘనపరిమాణం పొడి రూపంతో పోలిస్తే సుమారు నాలుగు రెట్లు అవుతుంది. ఆ ఒత్తిడిని పాలరాయి కూడా తట్టుకోలేదు. రేణువు రేణువుగా విడిపోతుంది, మనవాళ్లు అనే ‘పంచదార రాయి’ అవుతుంది.

ఇక్కడ కంటిని మోసం చేసే విషయం ఒకటి ఉంది. రాతి పైన తెల్లగా కనిపించే ఉప్పు వికారంగా ఉంటుందే తప్ప దానివల్ల జరిగే హాని తక్కువ, కుంచెతో మెల్లగా దులిపితే పోతుంది. ప్రమాదమంతా పైకి ఏమీ కనిపించని చోట, ఉపరితలానికి కొన్ని మిల్లీమీటర్ల లోపల గడ్డకట్టే ఉప్పుతోనే. ఎండ తీక్షణంగా ఉండి గాలి గట్టిగా వీచే చోట నీరు ఉపరితలం దాకా రాకముందే లోపలే ఆవిరై, ఉప్పును అక్కడే వదిలేస్తుంది. కొన్నేళ్లకు పై పొర అప్పడంలా ఉబ్బి, ఒక రోజు దాని మీది శిల్పంతో, అక్షరాలతో సహా ఊడి పడుతుంది. అందుకే నేను ఏ సమాధి దగ్గరికి వెళ్లినా ముందు వేలి కణుపుతో మెల్లగా తట్టి చూసేవాణ్ణి. లోపల బోలుగా ఉంటే శబ్దంలోనే తెలిసిపోతుంది, కుండ కొనేటప్పుడు మన పెద్దవాళ్లు చేసే పరీక్షే ఇది.

మరొక వింత ఏమిటంటే, వాన నేరుగా తగిలే ముఖం కంటే వాన తగలని, చూరు కిందనో మూత అంచు కిందనో ఉన్న ముఖమే తరచుగా ఎక్కువ పాడవుతుంది. వాన పడిన చోట ఉప్పు కడుక్కుపోతుంది, మరుగున ఉన్న చోట ఏళ్ల తరబడి పేరుకుపోతుంది. సమాధుల మీద రేకుల కప్పు వేయిస్తే చాలునని దాతలు ముందుకొచ్చినప్పుడు ఈ మాట చెబితే వారికి నచ్చదు. కప్పు వేయకూడదని నా అభిప్రాయం కాదు. తుంపర కూడా లోపలికి రాకుండా, నేల తేమ ఎక్కకుండా, గాలి ఆడేలా ఆలోచించి వేసిన కప్పు మేలు చేస్తుంది. నాలుగు ఇనుప గుంజలు పాతి పైన రేకు పరిస్తే వానలో కడుక్కునే అవకాశం పోయి, రేకు కింద వేడి పెరిగి, రాయి అంతకు ముందుకన్నా త్వరగా రాలుతుంది.

ఇప్పుడు మీరు చూసిన తెల్లటి ముద్ద దగ్గరికి వస్తాను. అది రాతిలోని ఉప్పును బయటికి పీల్చే పట్టు. సెగగడ్డకు వేసే పట్టు లాంటిదే. శుద్ధమైన కాగితపు గుజ్జును, కొన్నిసార్లు దానితోపాటు మెత్తటి తెల్లబంకమన్నును, కడిగిన సన్న ఇసుకను లవణాలు లేని శుద్ధజలంతో కలిపి, రెండు మూడు సెంటీమీటర్ల మందాన రాతికి పట్టిస్తారు. రాయి పెళుసుగా ఉంటే మధ్యలో పలుచటి జపాను కాగితం ఒక పొర వేస్తారు, ముద్ద తీసేటప్పుడు రేణువులు ఊడి రాకుండా. ముద్దలోని నీరు రాతిలోకి దిగి ఉప్పును కరిగిస్తుంది. ముద్ద ఆరుతున్న కొద్దీ ఆ ఉప్పునీరు రాతిలోంచి ముద్దలోకి ప్రయాణం చేస్తుంది. ఆరిన తరువాత ముద్దను ఒలిచి పారేస్తారు, దానితోపాటు ఉప్పు కూడా పోతుంది. అవసరమైనన్ని సార్లు ఇదే పనిని తిరిగి చేస్తారు.

చెప్పడానికి ఇది సులభంగానే ఉంది. దీనిలో నైపుణ్యమంతా ముద్ద ఏ పదార్థంతో చేయాలో తెలియడంలో ఉంది. నీరు ఎప్పుడూ పెద్ద రంధ్రాల నుంచి చిన్న రంధ్రాల వైపు లాగబడుతుంది. ముద్దలోని రంధ్రాలు రాతి రంధ్రాల కంటే సన్నగా ఉంటేనే అది ఆరేటప్పుడు రాతిలోని ఉప్పునీటిని లాగగలదు. కాగితపు గుజ్జు రంధ్రాలు పెద్దవి గనుక, ముతక ఇసుకరాయి విషయంలో అది కొంత పనిచేసినా, నున్నటి సున్నపురాయి దగ్గర లాగలేదు. అక్కడ బంకమన్ను కలపాలి, లేదా ముద్ద ఆరకుండా ప్లాస్టిక్ కప్పి ఉంచి, ఉప్పు తనంతట తాను మెల్లగా ముద్దలోకి వ్యాపించేదాకా ఓపిక పట్టాలి. ఒలిచిన ముద్దలో కొంత తీసి, తూచి, శుద్ధజలంలో నానబెట్టి ఆ నీటి విద్యుద్వాహకతను మీటరుతో కొలుస్తారు, నీటిలో ఉప్పు ఎక్కువగా ఉంటే ఆ అంకె కూడా ఎక్కువగా ఉంటుంది. ఒక్కొక్క విడతకు ఆ అంకె తగ్గుతూ వచ్చి ఒకచోట నిలకడగా ఆగితే అక్కడ పని ఆపాలి. మీటరు లేని రోజుల్లో మేము ఆ నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూసేవాళ్లం. పాలలా తెల్లబడితే ఉప్పులోని క్లోరైడు ఇంకా ఉన్నట్టు. మన దేశంలో ఈ పని కొత్తది కాదు. మహాబలిపురంలో పల్లవ రాజసింహుని కాలపు తీరాలయానికి పురావస్తు శాఖ వారు కాగితపు గుజ్జుతో ఉప్పు తీయించే పని ఎప్పటినుంచో చేస్తున్నారు.

ఒట్టి నీళ్లతో కడిగితే చాలదా అని మీరు అడిగారు. గొట్టం పెట్టి కడిగితే పైన ఉన్న ఉప్పు కరిగి, అందులో కొంత కిందికి జారిపోతుంది, మిగిలినది నీటితో కలిసి ఇంకా లోతుకు దిగుతుంది. మన ప్రాంతంలో బోరునీటితో కడిగితే ఆ నీటిలోని ఉప్పు అదనం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చేసిన ఒక పొరపాటును ఇక్కడ చెప్పుకోవడం న్యాయం. కోస్తాలోని ఒక ఊరిలో పాత రాతి మంటపానికి మూడు విడతలు గుజ్జు పట్టించి, అంకెలన్నీ చక్కగా తగ్గాయని నివేదిక రాసి వచ్చేశాను. మరుసటి ఏడు సంక్రాంతి తరువాత వెళ్లి చూస్తే అదే గోడకు అదే ఎత్తున చౌడు యథాతథంగా ఉంది. నీరు ఎక్కడి నుంచి వస్తోందో నేను చూడనే లేదు. మంటపం వెనుక ఒక ఇంటివారి స్నానాలగది నీళ్లు పునాది పక్కనుంచే పారుతున్నాయి. ఆ కాలువను నాలుగు గజాలు పక్కకు మళ్లిస్తే, నేను మూడు నెలలు చేసిన దానికంటే ఎక్కువ ప్రయోజనం కలిగింది. అప్పటి నుంచి ఏ సమాధి మరమ్మతుకైనా నేను ముందు చూసేది నేల వాలు. రాతి మీద చేయి వేయడం ఆ తరువాతి సంగతి. సమాధుల చుట్టూ నేల వాలుగా ఉందా, వాన నీరు నిలుస్తోందా, పక్క పొలం తడి నీరు వస్తోందా, ఎవరైనా సిమెంటు చప్టా పోయించి నేల తేమ ఆవిరయ్యే దారి మూసేశారా అనేవి చూడకుండా ముద్ద పట్టించడం, పడవకు పడిన చిల్లు పూడ్చకుండా నీళ్లు తోడటమే అవుతుంది.

సిమెంటు చప్టా మాట వచ్చింది గనుక సిమెంటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తీరప్రాంతపు సమాధుల మరమ్మతులో నేను చేసిన పనిలో సగానికి పైగా, అంతకు ముందువారు సదుద్దేశంతో చేసిన మరమ్మతులను విప్పడమే. సిమెంటులో సహజంగానే కరిగే క్షారాలు, సల్ఫేట్లు ఉంటాయి. తేమ తగలగానే అవి పక్క రాతిలోకి దిగుతాయి. సిమెంటు గట్టిదీ, గాలి ఆడనిదీ కావడంతో తేమ అతుకు గుండా బయటికి పోలేక రాతి గుండా పోతుంది, పోతూ పోతూ ఉప్పును రాతిలోనే వదులుతుంది. చివరికి సిమెంటు అతుకు నిలిచి ఉంటుంది, దాని రెండు పక్కలా ఉన్న పాత రాయి తినేసినట్టు లోపలికి పోతుంది. రెండు పాత రాళ్ల మధ్య పెట్టే అతుకు ఆ రాళ్ల కంటే మెత్తగా ఉండాలి. నష్టం తప్పనప్పుడు ముందు అతుకు పోవాలి, రాయి మిగలాలి.

దీనికి మన గుంటూరు సీమకు సంబంధించిన ఉదాహరణే ఒకటి ఉంది. అమరావతి స్తూపపు శిల్పాలు మద్రాసు మ్యూజియంకు చేరిన తరువాత, 19వ శతాబ్దం చివర వాటిని అక్కడి గోడలలో సిమెంటుతో పొదిగి నిలబెట్టారు. ఆ రోజుల్లో అది గట్టి, శాశ్వతమైన ఏర్పాటనే అనుకొని ఉంటారు. గోడలోకి దిగిన తేమ సిమెంటులోని లవణాలను మోసుకొని పల్నాటి సున్నపురాతిలోకి తెచ్చింది, శిల్పాల పొరలు లేచిపోయాయి. వాటిని ఆ గోడల బందిఖానా నుంచి ఎలా విడిపించాలన్నది తరువాతి తరాల వారికి పెద్ద తలనొప్పి అయింది. అంతకు ముందు అమరావతి దిబ్బలోని రాళ్లను కొందరు సున్నపు బట్టీలకు కూడా తీసుకెళ్లారన్నది తెలిసిన సంగతే. మధ్యధరా తీరాన కూడా పాలరాతి శవపేటికలు ఎన్నో అలాగే సున్నమైపోయాయి. సున్నపురాతికి ఎక్కడైనా ఇదే శాపం కాబోలు.

సిమెంటుకు బదులు సున్నమే వాడాలి. మన తాతలు గానుగలో తిప్పించి వాడిన సున్నం ఇందుకు చక్కగా సరిపోతుంది. బాగా నానబెట్టిన సున్నంలో కడిగిన నది ఇసుక, తడిలో కూడా గట్టిపడటానికి కొంత ఇటుకపొడి కలుపుతారు. గవ్వలు, ఆల్చిప్పలు కాల్చి చేసిన గుల్లసున్నం అందంగా తెల్లగా ఉంటుందిగాని, చిప్పలను మంచినీటిలో పలుమార్లు కడగకుండా కాల్చితే సముద్రపు ఉప్పు దానితోనే వస్తుంది. సముద్రపు ఇసుక మాట సరేసరి. కరక్కాయ నీరు, బెల్లం కలపాలని పట్టుబట్టే మేస్త్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ సంప్రదాయాన్ని నేను తీసిపారేయను, అయితే ఉప్పు పట్టిన రాతి మీద దాన్ని ముందు ఒక మూల చిన్న ముక్క మీద వేసి ఒక వర్షాకాలం చూడకుండా వాడనివ్వను. సున్నం గట్టిపడటానికి వారాలు పడుతుంది, రోజూ తడిగోనె కప్పి కాపాడాలి. గుత్తేదారులకు నచ్చని సంగతి ఇదే.

ఇనుము గురించి రెండు మాటలు. విరిగిన మూతను కలపడానికి ఇనుప కమ్మీ దూర్చి బిగించడం పాత పద్ధతి. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం కొన్ని రెట్లు పెరిగి, రాతిని లోపలి నుంచి చీలుస్తుంది. ప్రాచీన గ్రీకులు ఇనుప బంధనాల చుట్టూ సీసం కరిగించి పోసేవారు. ఏథెన్సులోని అక్రోపోలిస్ అనే ప్రాచీన కట్టడాల కొండ మీద 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఇంజనీరు నికోలాస్ బలానోస్ చేయించిన పునరుద్ధరణలో ఆ జాగ్రత్త తీసుకోకుండా ఇనుము వాడారు. కొన్ని దశాబ్దాలకే పాలరాయి పగలడం మొదలైంది. ఆ కట్టడాల సంరక్షణకు 1975లో ఏర్పడిన సంఘం ఆధ్వర్యంలో ఆ ఇనుమునంతా తీసి టైటానియం పెట్టే పని ఏళ్ల తరబడి సాగింది. మన దగ్గర ధర కారణంగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడుతారు. సముద్రతీరంలో అందులో మామూలు రకం కూడా క్లోరైడు వల్ల గుంటలు పడుతుంది, 316 రకం కంటే తక్కువది వాడకూడదు.

ఇక విరిగిన ముక్కలను పక్కనే ఎందుకు వదిలేశారన్న మీ సందేహం. పాత కట్టడాల సంరక్షణకు అంతర్జాతీయంగా నియమాలు కూర్చిన 1964 నాటి వెనిస్ ఒడంబడిక ప్రకారం ఊహ ఎక్కడ మొదలవుతుందో పునరుద్ధరణ అక్కడ ఆగాలి. దొరికిన అసలు ముక్కలను తిరిగి పేర్చడం ఒప్పు, లేని భాగాన్ని ఇలా ఉండి ఉంటుందని చెక్కి పెట్టడం తప్పు, ఎక్కడైనా కొత్త భాగం తప్పనిసరి అయితే అది పాతదానితో కలిసిపోతూనే దగ్గరికి వెళ్లి చూసినవారికి వేరుగా తెలియాలి. శ్మశానాల విషయంలో మరొక చిక్కు ఉంది. పూర్వం దోపిడీదారులు నిధుల కోసం మూతలను పగలగొట్టి పక్కకు తోసేశారు. ఆ పగులు కూడా సమాధి చరిత్రలో భాగమే. ఏ ముక్క ఏ పేటికదో రుజువు లేకుండా కలిపితే చూడటానికి నిండుగా ఉంటుంది, చరిత్రకు మాత్రం అబద్ధమవుతుంది. మీరు చూసిన వారు ముక్కలను వదిలేయలేదు, ఒక్కొక్కదానికి సంఖ్య వేసి, బొమ్మ గీసి, అతుకు నిర్ధారణ అయ్యేదాకా నేలకు తగలకుండా దిమ్మెల మీద ఉంచి ఉంటారు. ముక్క నేల మీదే పడి ఉంటే అది కూడా ఉప్పు పీలుస్తుంది.

సిమెంటు మీద నేను ఇంతగా విరుచుకుపడ్డాను గనుక దాని పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. లెబనాన్ అంతర్యుద్ధం 1975లో మొదలైనప్పుడు బీరూట్ జాతీయ మ్యూజియం సరిగ్గా రెండు వర్గాల మధ్య గీత మీద పడింది. అప్పటి పురావస్తు అధిపతి మారిస్ షెహాబ్, ఆయన సహచరులు కదల్చడానికి వీలులేని పెద్ద శవపేటికల చుట్టూ చెక్కపెట్టెలు కట్టించి, వాటి మీద కాంక్రీటు పోయించారు. ఇరవై శతాబ్దాల నాటి రాయిని తుపాకి గుండ్ల నుంచి ఆ కాంక్రీటే కాపాడింది. రాతికీ కాంక్రీటుకూ మధ్య చెక్క ఉందన్న సంగతి గమనించండి. అదే మ్యూజియం నేలమాళిగలో నిలవ చేసిన వస్తువులు మాత్రం గుండు తగలకపోయినా, ఊరిన నీటివల్ల, పదిహేనేళ్ల తేమవల్ల బాగా దెబ్బతిన్నాయి.

పైన పూసే రసాయనాల గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. పొడిగా రాలిపోతున్న రాతికి బలం ఇచ్చేవి కొన్ని ఉన్నాయి. సున్నపురాతికీ పాలరాతికీ ఆల్కహాలులో కలిపిన అతి సూక్ష్మమైన సున్నపు రేణువుల ద్రావణం, ఇసుకరాతికి ఇథైల్ సిలికేటు ఉపయోగపడతాయి. ఒక రాతికి సరిపడేది మరొక రాతికి పడదు. నీటిని రానివ్వని పూతలు మాత్రం ఉప్పు ఉన్న రాతి మీద వేయకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. దుకాణంవారు గోడ మీద నీటి బొట్లు తామరాకు మీద నీళ్లలా జారిపోవడం చూపించి అమ్ముతారు. నీరు బయటి నుంచి రాకపోవచ్చు, కింది నుంచి ఎక్కే తేమ ఆ పూత వెనుక ఉప్పును గడ్డకట్టించి, పూతను రాతి పొరతో సహా ఊడదీస్తుంది. వార్నిషు, నూనె, ఎనామిల్ రంగు, అన్నిటికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఇప్పుడు బందరు సంగతి. డచ్చివారు 1605లో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టుకున్నారు, ఆంగ్లేయులు వారి వెనుక 1611లో వచ్చారు. అక్కడి డచ్చి సమాధుల పలకల మీద వంశచిహ్నాలూ, లోతుగా చెక్కిన అక్షరాలూ ఉన్నాయి. సముద్రతీరపు ఊరు, నేలలో ఉప్పు, ఏటా తుపానుల బెడద, 1864 నవంబరు నాటి ఉప్పెన ఊరినే ముంచేసి వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. కాబట్టి టైర్‌లో రాతికి ఉన్న కష్టాలు ఇక్కడ రాతికీ ఉంటాయి. అయితే అక్కడిది రంధ్రాలున్న సున్నపురాయి, ఇక్కడి పలకల్లో ఎక్కువ భాగం కఠినమైన నల్లరాయి. నల్లరాతిలో రంధ్రాలు తక్కువ, అందువల్ల అది పలకగా నిలుస్తుంది, దాని కింద ఇటుకతో, గచ్చుతో కట్టిన దిమ్మెలే ముందు చౌడెక్కి కుంగుతాయి. దిమ్మె ఒకవైపు కుంగితే పలక బరువంతా ఒక మూల మీద పడి విరుగుతుంది. అందువల్ల ఇటువంటి సమాధులలో గుజ్జు పట్టు అవసరం పలకకు తక్కువ, దిమ్మెకు ఎక్కువ. దిమ్మె మీది సిమెంటు గారను మెల్లగా ఒలిచి, చుట్టూ నేలను బయటికి వాలుగా సరిచేసి, సున్నపు గారతో పొదగడమే అసలు పని.

మీ కళాశాల వారు శ్రమదానం చేయాలనుకుంటున్నారని రాశారు. ఉత్సాహం మంచిదేగాని, చీపుళ్లు, ఆమ్లం సీసాలు పట్టుకొని వెళ్లవద్దు. స్నానాలగది శుభ్రం చేసే ఆమ్లం సున్నపురాతిని కరిగిస్తుంది, గచ్చును తినేస్తుంది, నల్లరాతి మీద కూడా క్లోరైడును వదిలి పోతుంది. తీగ బ్రష్షు రాతిని గీరడమే కాక ఇనుప రజను వదిలితే అది తుప్పు మరకలవుతుంది. రావి, మర్రి మొక్కలను లాగవద్దు, లాగితే వేరుతోపాటు ఇటుక వస్తుంది. కాండాన్ని మొదలు దగ్గర కోసి, వేరు ఎండిపోయేలా చేసే పని తెలిసినవారికి వదిలేయండి. అక్షరాలు కనబడటం లేదని సుద్దముక్కతో, పిండితో రుద్దకండి. సాయంత్రం ఏటవాలు ఎండలోనో, రాత్రి పక్కనుంచి టార్చి వేసో చూస్తే అక్షరాలు వాటంతట అవే లేచి కనబడతాయి, ఫోటోలు అప్పుడు తీసుకోవచ్చు. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించిన చోట 1958 నాటి చట్టం వర్తిస్తుంది. 2010 సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తరువాతి 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. కట్టడానికి హాని చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సదుద్దేశంతో చేశామన్నది అక్కడ సమాధానం కాదు.

మీ పిల్లలు చేయగలిగిన పని, మా లాంటివారికి నిజంగా పనికొచ్చే పని ఒకటి ఉంది. అధికారుల అనుమతి తీసుకొని, కార్తీకం చివర వానలు వెనుకబట్టాక ఒకసారి, వైశాఖపు ఎండల్లో ఒకసారి అదే సమాధి దగ్గర అదే చోట నిలబడి, పక్కన ఒక కొలబద్ద ఉంచి ఫోటో తీయండి. దిమ్మె మీద తడి గీత నేల నుంచి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉందో, తెల్లటి పొడి ఏ ఎత్తున మొదలై ఏ ఎత్తున ఆగిందో, ఏ దిక్కు ముఖానికి ఎక్కువగా ఉందో రాసి పెట్టండి. కింద రాలిన పొడి ఏమైనా ఉంటే తుడిచేయకుండా దాని ఫోటో కూడా తీయండి, వచ్చేసారి అక్కడ ఎంత చేరిందో పోల్చవచ్చు. వాన పడుతున్నప్పుడు వెళ్లగలిగితే ఇంకా మంచిది. నీరు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడ నిలుస్తోందో గొడుగు కింద నిలబడి చూసి ఒక కాగితం మీద బాణం గుర్తులతో గీయండి. రెండేళ్ల పాటు ఇలా నాలుగు విడతల లెక్క ఉంటే, ఏ నెలలో గుజ్జు పట్టించాలో, కాలువ ఏ వైపు తవ్వాలో ఆ కాగితాలను చూసి నేను ఇక్కడినుంచే చెప్పగలను.